అల్లూరు, కొత్తపట్నం, ఈతముక్కల

తెల్లారుజామున మూడున్నరకి
ఒంగోలు డిపో గేటు ముందు షూ లేసు కట్టుకుంటాను.
వాచ్‌మన్ మాబుసుబాని రోజూ అదే అడుగుతాడు:
"ఏందమ్మా రత్నం, నీ బండి ఆరింటికి గదా?"
ఇది వేరే బండి సుబానీ, అంటాను,
డీజిలు అక్కర్లేనిది.

పదమూడేళ్ళుగా ఈ రోడ్డు నాకు నిలబడే తెలుసు.
కిలోమీటర్లుగా కాదు, ఛార్జీలుగా.
ఏ గుంతకి ఏ కడ్డీ పట్టుకోవాలో,
చిల్లర గొడవ ఎక్కడ మొదలై
ఏ స్టేజీకి చల్లారుతుందో.
ఇప్పుడు ఆడవాళ్ళకి సున్నా టికెట్టు.
నాకూ ఒకటి కొట్టుకున్నాననుకుని
మంచులోకి దిగుతాను.

సీజన్లో మొదటి పందెం జనవరిలో,
నెల్లూరు, మైపాడు రోడ్డు, ఇరవై ఒక్క కిలోమీటర్లు.
ఛాతీ మీద నాలుగు పిన్నీసులు, వాటి మధ్య 1187.
పక్కన బుచ్చిరెడ్డిపాళెం పిల్ల, ఇంకా చదువుకుంటోంది,
ఎత్తి కట్టిన జడ అటూ ఇటూ ఊగుతుంటే
ఆ జడ పట్టుకునే పోయాను ఐదు కిలోమీటర్లు.
నలభై రెండేళ్ళ ఒళ్ళు, ఇరవై ఏళ్ళ బుద్ధి.
మలుపు దగ్గర నీళ్ళిచ్చారు, అరటిపండిచ్చారు.
పదహారో కిలోమీటరు దగ్గర
కుడి పిక్కలో ఎవరో తాడు మెలేసి ముడేశారు.
రొయ్యల గుంటల్లో చక్రాలు నీళ్ళని కొడుతూనే ఉన్నాయి.
నేను గట్టు మీద కూలబడ్డాను.
చెడిపోయిన లారీకి పెట్టినట్టు
వెనక ఒక వేపకొమ్మ పెట్టడమే తక్కువ.

రెండు గంటల నలభై ఆరు నిమిషాలు.
చివరి వంద మీటర్లు పరిగెత్తానో నడిచానో
ఫొటో చూసినా తెలియడం లేదు.
నల్లబడిన బొటనవేలి గోరు
పది రోజులకి సాక్సులో దొరికింది.

మా డ్రైవరు మాలకొండయ్య, ఒకప్పుడు మిలిటరీలో పరిగెత్తినోడు,
స్టీరింగు మీంచి తల తిప్పకుండా అన్నాడు:
"రెండో గేరులో ఎక్కాల్సిన గట్టుని నాలుగులో ఎక్కితివి.
రెండు నెలలు మెల్లగా పో. మాట తెగకుండా పో."

ఆ చీకట్లో ఎవరితో మాట్లాడను?
నోటికొచ్చింది ఒక్కటే.
అల్లూరు, కొత్తపట్నం, ఈతముక్కలా...
పేరు నిండుగా వస్తే పరుగు కుదురుగా ఉన్నట్టు.
"ఈత" ఒకచోట, "ముక్కల" ఒకచోట పడితే
కాళ్ళని వెనక్కి లాగాలి.

వే బిల్లు వెనక రాసుకుంటాను.
మంగళవారం ఆరు. బుధవారం డబుల్ డ్యూటీ, సున్నా.
శుక్రవారం కుక్కలు, అందుకే ఆ రెండు వందల మీటర్లు
నా జన్మలో ఎరగనంత వేగం.
ఒక వారం కడుపునొప్పి. ఒక వారం తిరనాళ్ళ స్పెషల్ బండ్లు.
ఫిబ్రవరి వచ్చేసరికి ఎక్కడో బ్యారన్లో కాలుతున్న పొగాకు
గొంతులో ఘాటుగా దిగుతోంది.
అయినా "కొత్తపట్నం" తెగడం లేదు.

నిన్న పద్నాలుగు చేయాల్సిన రోజు.
మంచు ఎంత చిక్కగా ఉందంటే
నెత్తిమీది లైటు మూరెడు దూరం పోయి ఆగిపోతోంది.
ఊపిరి బాగుంది. బస్సులో అరిచినట్టే అరిచాను.

అల్లూరు షెల్టరులో బెంచీ మీది మూట కదిలింది.
దుప్పటి తోసి, ఖాళీ చేపలగంప చంకనెత్తుకుని
ఒక ముసలామె రోడ్డుకి అడ్డమొచ్చి చెయ్యెత్తింది.
"ఆపు మే, ఆపు! ఎక్కాల!"

ఆగాను, ఉన్నచోటే గెంతుతూ.
ముందు నా వెనక వెతికింది, బస్సు కోసం.
తర్వాత నన్ను చూసింది, షూలనించి లైటు దాకా.
"బస్సేదే?"
"వస్తది పెద్దమ్మా, ఇంకో గంటన్నరకి. నేనే తెస్తా."
గంప దించి, దాని మీదే కూర్చుంది.
"మరి బస్సు లేకుండా
నువ్వొక్కదానివీ ఇంత ముందుగా ఎందుకొస్తివి?"

వాచీలో సెకన్లు పోతున్నాయి.
ముందు సీటు నీకే ఆపి ఉంచుతాలే, అని
ఒంగోలు వైపు తిరిగాను.
ఈత అన్నాను. ముక్కల రాలేదు.
వేగం వల్ల కాదు,
నవ్వు.